ఒంటి తల గద్ద

శనివారం పొద్దున్న ఎనిమిదింబావుకి వుకోసావ్ పెరాజిచ్ ముద్రల గదిలో అడుగుపెట్టేసరికి శవం చల్లబడి, కట్టెలా బిగిసిపోయి ఉంది.

నోట్ల మీద ముద్రలు వేసే తదియా, బల్ల పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఎడమ చెవికి పైన పుర్రె కోడిగుడ్డంత మేర లోపలికి నొక్కుకుపోయింది. నోట్ల కట్టలు ఎగిరిపోకుండా పెట్టే ఇనప దిమ్మ పక్కనే ఉంది. దాని అంచున నెత్తురు, నెత్తురులో నెరిసిన వెంట్రుకలు. యుద్ధానికి ముందు తదియా బడిపంతులు. బడి మూతబడ్డాక, ఊరిని పట్టుకున్న ఆస్ట్రియా సైన్యం అతన్ని తెచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టింది. దేశాన్నేలిన రాజుగారు సముద్రం దాటి వెళ్ళిపోయారు గానీ, ఆయన అచ్చేయించిన పెర్పెర్ నోట్లు జనం పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఆ నోటు మీద ఆస్ట్రియా చక్రవర్తిగారి రెండు తలల గద్ద ముద్ర పడితే సగం విలువకు చెల్లుతుంది. పడకపోతే పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుంది. ఈ జిల్లాలో గడువు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు.

బయట వంద మందికి పైగా వరసలో నిలబడి ఉన్నారు. ముద్ర వేసే మనిషి లోపల చచ్చి పడున్నాడని వాళ్ళకి తెలుసు. అయినా ఒక్కరూ వరస వదల్లేదు.

"హంతకురాలు దొరికింది ఇన్‌స్పెక్టర్," అన్నాడు కెప్టెన్ లిండ్నర్, కిటికీ దగ్గర నుంచి. సైనిక పోలీసులకి అధికారి అతను. తొడుగులు తీయకుండానే సిగరెట్ కాలుస్తున్నాడు. "నిన్ను పిలిపించింది దర్యాప్తుకి కాదు. స్థానికుడి సంతకం ఒకటి కావాలి. ఇదుగో, ఈ కింద."

వుకోసావ్ కాగితం అందుకోలేదు. రాజుగారి కాలంలో ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. ఇప్పుడు చేతికి చక్రవర్తి రంగుల నలుపు పసుపు పట్టీ కట్టుకుని అదే ఉద్యోగం పరాయివాళ్ళకి చేస్తున్నాడు. ఊళ్ళో అతన్ని చూసి ఉమ్మేవాళ్ళు ఎదురుగా ఉమ్మరు, అతను దాటాక ఉమ్ముతారు.

"ఎవరా మనిషి?"

"స్తానియా. మొగుడు గావ్రిలో మా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. నిన్న పది నలభైకి నూట ఇరవై పెర్పెర్లు పట్టుకొచ్చింది. నిర్బంధంలో ఉన్నవాళ్ళ కుటుంబానికి యాభైకి మించి వెయ్యకూడదు. ముసలాడు కుదరదన్నాడు. 'నీ చెయ్యి కుళ్ళిపోను' అని తిట్టిపోయింది. నా ఎదురుగానే. ఇవాళ సోదా చేస్తే అదే నూట ఇరవై దొరికింది, ముద్రలతో సహా. సాయంత్రం వచ్చి వీణ్ణి చంపి, ముద్రలు తనే కొట్టుకుంది. నాలుగింటికి మేజర్ హలాష్ విచారణ. అయిదింటికల్లా గోడ దగ్గర నిలబెడతాం."

"నాలుగింటి దాకా టైముందిగా. నేనూ ఒకసారి చూస్తాను."

"చూడు, చూడు," అన్నాడు కెప్టెన్ నవ్వుతూ. "ముసలి కుక్కలకి వాసన చూడటం మాన్పించలేం." బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు.

వుకోసావ్ మోకాళ్ళ మీద కూర్చుని తదియా జేబులు వెతికాడు. కళ్ళజోడు, ఎండిన రొట్టెముక్క, చేతిరుమాలు. చొక్కా మీది కోటు లోపలి జేబులో, దారం కట్టిన తాళంచెవి. కిటికీకి ఇనప కమ్మీలున్నాయి. తలుపు ఒక్కటే.

గుమ్మం దగ్గర కాపలా సిపాయి హుస్నియా నిలబడి ఉన్నాడు. చక్రవర్తి సైన్యంలో వాడే అయినా బోస్నియా మనిషి. ఇద్దరి భాషా ఒకటే.

"పొద్దున్న తలుపెవరు తీశారు?"

"కెప్టెన్ గారే, పెద్దాయనా. ఏడున్నరకి. నేను పక్కనే ఉన్నాను. తన తాళంతో తీశారు."

"అంటే బయట తాళం వేసే ఉంది."

"వేసే ఉంది."

"తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి పంతులుగారిది..." హుస్నియా అక్కడే ఆగిపోయాడు. బుర్రలో ఏదో తిరిగినట్టుంది, గొంతు తగ్గించాడు. "నన్నేం అడక్కు, పెద్దాయనా. ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు."

"నిన్ను సాక్ష్యానికి పిలవను. ముద్ర ఎక్కడుంది?"

ముద్ర బల్ల మీదే ఉంది. వుకోసావ్ దాన్ని ఊదా సిరాలో అద్ది ఒక చిత్తుకాగితం మీద నొక్కాడు. చుట్టూ జిల్లా పేరు, మధ్యలో గద్ద. కానీ గద్దకి కుడివైపు తల లేదు. మెడ దగ్గర మచ్చలాగా ఉండిపోయింది.

"ఇదేమిటి?"

హుస్నియాకి నవ్వాగలేదు. "నిన్న పడింది. కట్టలకి లక్క వేస్తారుగా, ఆ దీపం మీద పంతులుగారి చెయ్యి జారి పడింది. రబ్బరు కాలిన కంపు వీధి దాకా కొట్టింది. 'చూశావా హుస్నియా, చక్రవర్తిగారికి ఒక తల తెగ్గొట్టాను' అన్నారు. తర్వాత భయపడి రెండుసార్లు దణ్ణం పెట్టుకున్నారు."

"ఎన్ని గంటలకి?"

"మూడింటికి. చర్చి గంట అప్పుడే కొట్టారు."

వుకోసావ్ ఆ చిత్తుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

స్తానియాని పోలీసు కొట్లో ఉంచారు. తొమ్మిదిన్నరకి అతను లోపలికి వెళితే ఆమె లేవలేదు, తల కూడా తిప్పలేదు. నలభై ఏళ్ళుంటాయి. దవడ మీద తుపాకి మడమ దెబ్బ నల్లగా కమిలి ఉంది.

"దొరలు కుర్చీ వెయ్యలేదా నీకు?" అంది. "నిలబడే ఉండాలా? పాపం."

"తదియాని నువ్వు చంపలేదని నాకు తెలుసు."

"తెలిస్తే ఏం చేస్తావ్? గోడ దగ్గర నిలబెట్టేటప్పుడు కళ్ళకి గుడ్డ మెత్తటిది కట్టిస్తావా?"

బల్ల మీద ఆమె దగ్గర దొరికిన నోట్లు ఆరు ఉన్నాయి. ఒక్కోటీ ఇరవై పెర్పెర్లు. వుకోసావ్ వాటిని వరసగా పరిచాడు. ఆరింటి మీదా ఒంటి తల గద్ద.

"ఇవి మూడింటి తర్వాత వేసిన ముద్రలు. నిన్న నువ్వు ఆఫీసుకి వచ్చింది పది నలభైకి. మళ్ళీ ఎప్పుడెళ్ళావ్?"

"మళ్ళీ నేనెందుకెళ్తాను?"

"మరి ముద్ర ఎలా పడింది?"

ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. "తదియానే వచ్చాడు. అయిదున్నరకి, మా ఇంటికి. ముద్ర కోటు జేబులో పెట్టుకుని దొంగలా వచ్చాడు. నేను అంబలి కలిపే బల్ల మీదే నోట్లు పెట్టుకుని ఆరూ కొట్టాడు. కొడుతూ ఏడ్చాడు. మగాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఎందుకు?"

"నా మొగుడికి చదువు రాదు. ఎద్దు కొనాలని దాచిన డబ్బు ఎవడైనా దొంగిలిస్తే గుర్తు పట్టాలని, ప్రతి నోటు మూలా పెన్సిల్‌తో చిన్న కొడవలి గీసేవాడు. తదియాకి తెలుసు, నవ్వేవాడు కూడా. జూన్‌లో గావ్రిలోని పట్టుకెళ్ళినప్పుడు పెట్టెలో డబ్బంతా జప్తు చేశారు. కాల్చేశామని కాగితం అంటించారు. నిన్న ఆ కొడవలి నోట్లు తన బల్ల మీదికొచ్చాయన్నాడు. 'స్తానియా, నేను మీ అందరి డబ్బూ సగం చేసి, మిగతా సగం ఒక దొంగకి కట్టబెడుతున్నాను' అన్నాడు. ఆరింటికి వెళ్ళిపోయాడు. 'వాడితో ఇవాళే తేల్చుకుంటా' అన్నాడు."

"కెప్టెన్‌కి చెప్పావా ఈ మాట?"

"ఆయన నన్ను ప్రశ్న అడగలేదు. దవడ మీద కొట్టాడు, అంతే."

"ఇవాళ పోలీసులు ఎన్నింటికొచ్చారు మీ ఇంటికి?"

"ఏడు గంటలు కొడుతున్నారు."

శవం ఏడున్నరకి కనబడింది. హంతకురాలిని ఏడింటికే పట్టుకున్నారు.

తలుపు దగ్గరికి వెళుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. "ఇప్పుడు నీకెందుకొచ్చింది పెరాజిచ్ ఇంత పౌరుషం? జూన్‌లో ఎక్కడ పెట్టావు?"

అతను తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

*

ముద్రల గదిలో బల్ల సొరుగు నిండా, ముద్ర పడ్డాక ఆస్ట్రియా డబ్బుకి మార్చుకుపోయిన శుక్రవారం నాటి నోట్ల కట్టలు ఉన్నాయి. ఒక్కోదానికీ లక్క వేసి, తదియా గుండ్రటి అక్షరాలతో రాసిన చీటీ తగిలించి ఉంది. వుకోసావ్ ఒక్కొక్క చీటీ చదువుతూ పోయాడు. ఒంటిగంట, రెండున్నర, మూడుంబావు. అడుగున ఒక మందపాటి కట్ట. "నాలుగున్నర. పోలీసు క్యాంటీను. తెచ్చింది: కెప్టెన్ లిండ్నర్. ముద్రలు ముందే ఉన్నవి." ఆ ఆఖరి మాట కింద తదియా రెండు గీతలు గీశాడు.

లక్క పగలగొట్టాడు. ప్రతి నోటు మీదా గద్దకి రెండు తలలూ నిక్షేపంగా ఉన్నాయి. పదో నోటు మూల చిన్న కొడవలి. పన్నెండోదాని మీద ఒకటి. ఆ తర్వాత వరసగా తొమ్మిది.

ఆఫీసులో ఉన్న ముద్ర ఒక్కటే. రోజూ సాయంత్రం దాన్ని తదియా పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. జప్తు నోట్లు జూన్‌లో కాలిపోయాయి, ముద్రలు మొదలైంది ఆగస్టులో. కాలిపోయిన నోట్ల మీద ముద్ర వెయ్యాలంటే నోట్లు కాలి ఉండకూడదు, తదియా వెయ్యలేదు గనక ముద్ర ఇంకోటి ఉండాలి.

పదకొండు నలభైకి కెప్టెన్ లోపలికొచ్చాడు. వుకోసావ్ చేతిలో కట్ట చూసి తలుపు గడియ పెట్టాడు.

"చెప్పు."

"తదియా తాళం తదియా జేబులోనే ఉంది. తలుపు బయట నుంచి వేసి ఉంది. రెండో తాళం మీది. శవాన్ని మీరు ఏడున్నరకి చూశారు, స్తానియాని ఏడింటికి పట్టుకున్నారు. అరగంట ముందే మీకెలా తెలిసింది కెప్టెన్, ఎవరో చచ్చారని? ఆమె నోట్ల మీద ముద్రలున్నాయని మాత్రం ఎవరు చెప్పారు? తదియానే చెప్పి ఉంటాడు. 'ఆమెకి వేశాను, రేపు అందరికీ వేస్తాను, ఏం చేస్తావో చెయ్యి' అని ఉంటాడు."

లిండ్నర్ బల్ల అంచు మీద కూర్చున్నాడు. ముఖంలో కంగారు లేదు. "జూన్ ఇరవై రెండు. మధ్యాహ్నం. సిపాయిల బారకాసుల పెరడు. జప్తు నోట్లు అయిదు సంచులు మంటలో వేశాం. కాల్చినట్టు రాసిన కాగితం కింద రెండు సంతకాలున్నాయి. ఒకటి నాది. రెండోది ఎవరిది?"

వుకోసావ్ చేతిలోని కట్ట వైపు చూశాడు.

"చెప్పవేం? రెండోది ఎవరిది ఇన్‌స్పెక్టర్?"

"నాది."

"సంచులు విప్పి చూశావా?"

"లేదు."

"చూసుంటే పాత వార్తాపత్రికలు కనబడేవి." సిగరెట్ బూడిద నేల మీద దులిపాడు. "నోట్లు కాలలేదని రుజువైతే, కాలాయని సంతకం పెట్టిన స్థానికుడే దొంగ. నేను అధికారిని, ఇద్దరం దొంగలమంటే ఎవణ్ణి ఉరి తీస్తారు? ఇంకోటి చూడు." కోటు జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. శిబిరం నుంచి వచ్చింది. వుకోసావ్ తమ్ముడు నోవిత్సా రాసిన ఈ నెల కార్డు. దగ్గు తగ్గలేదు, మేజోళ్ళు పంపు అని రెండు వాక్యాలు. "ఇది నా బల్ల మీద నాలుగు రోజులుగా ఉంది. నువ్వు పంపే పొట్లాలు కూడా నా బల్ల మీదుగానే పోతాయి. పోకపోవచ్చు కూడా. నేను దుర్మార్గుణ్ణి కాను, నీకోసం ఒక మెట్టు దిగుతాను. ఆమెని కాల్చొద్దని మేజర్‌కి చెబుతాను. శిబిరానికి పంపిద్దాం, మొగుడి దగ్గరికే. ఆ కట్ట ఇటివ్వు."

పన్నెండు గంటలు కొట్టారు. బయట వరసలో ఎవరో ముసలాయన గట్టిగా ఏదో అరిచాడు. తర్వాత జనం చెదిరిపోతున్న అడుగుల చప్పుడు.

వుకోసావ్ కార్డు తీసుకున్నాడు. కట్టని కోటులో దోపుకున్నాడు. "నాలుగింటికి కలుద్దాం," అన్నాడు.

*

మేజర్ హలాష్ హంగరీ మనిషి. కడుపులో పుండు. విచారణ జరిగినంతసేపూ గోరువెచ్చటి పాలు గుక్కగుక్కగా తాగుతూనే ఉంటాడు. వుకోసావ్ చెప్పింది మొత్తం అడ్డు తగలకుండా విన్నాడు. ముద్రని తనే సిరాలో అద్ది నొక్కి చూశాడు. స్తానియా నోటు ఒక పక్క, కొడవలి నోటు ఇంకో పక్క పెట్టుకుని భూతద్దంతో చూశాడు.

"జూన్ కాగితం మీద నీ సంతకం ఉంది," అన్నాడు.

"ఉంది. అదీ రాయండి. ముందు అదే రాయండి."

"సంచులు ఎందుకు విప్పి చూడలేదు?"

వుకోసావ్ ఒకసారి స్తానియా వైపు చూశాడు. ఆమె ఇద్దరు సిపాయిల మధ్య గోడకి ఆనుకుని ఉంది.

"చూస్తే సంతకం పెట్టలేనని తెలుసు గనక."

లిండ్నర్ గోళ్ళు చూసుకుంటున్నాడు. మేజర్ పాలు ఆఖరి గుక్క తాగి, రాసుకునేవాణ్ణి బయటికి పంపేశాడు.

"చక్రవర్తి అధికారి నోట్లు దొంగిలించాడని, ఒక గుమాస్తాని చంపాడని నేను ఈ ఊళ్ళో తీర్పు చెప్పలేను," అన్నాడు మెల్లగా. "అలా చెబితే రేపటికి మా ముద్ర ఉన్న నోటు కూడా ఎవడూ తీసుకోడు. కాబట్టి గుమాస్తా కళ్ళు తిరిగి దిమ్మ మీద పడ్డాడు. ఆమె ఇంటికెళుతుంది. కెప్టెన్ సోమవారం ఇటలీ యుద్ధరంగానికి బయల్దేరతాడు. అక్కడ ఎక్కువ రోజులు ఎవరూ బతకడం లేదు, అది నీకు ఓదార్పయితే తీసుకో. ఇక ఈ కట్ట. దీన్ని ఇప్పుడే కాల్చాలి. స్థానికుడి సంతకం కావాలి."

"అది సాక్ష్యం, మేజర్."

"అందుకే కాల్చాలి. సంతకం పెడితే ఆమె ఇప్పుడే గుమ్మం దాటుతుంది. పెట్టకపోతే ఉదయం కెప్టెన్ రాసిన కాగితమే నా దగ్గరుంది, దానికి నా సంతకం చాలు."

కింద పెరట్లో సిపాయి మంట వేశాడు. ఈసారి వుకోసావ్ కట్ట విప్పి, ఒక్కో నోటూ తిరగేసి చూశాడు. కొడవలి ఉన్నవి మొత్తం పదకొండు. అన్నీ చేత్తో తనే మంటలో వేశాడు. మేజర్ కలం అందించాడు. చూసి, తెలిసి, సంతకం పెట్టాడు. చేతికి అలవాటైన సంతకం, ఒక్క అక్షరం కూడా వణకలేదు. అదే అతనికి అన్నిటికంటే అసహ్యమనిపించింది.

*

అయిదున్నర దాటాక స్తానియాని మెట్ల మీదికి తెచ్చి వదిలారు. వుకోసావ్ అక్కడే నిలబడి ఉన్నాడు. వాళ్ళ మీదుగా ఇంకా పెరటి పొగ వస్తోంది.

"ఆ పొగ నా మొగుడి ఎద్దేనా?"

"అవును."

"ఈసారన్నా నిజంగా కాల్చారా?"

"నేను చూశాను."

ఆమె తలగుడ్డ సర్దుకుంది. మెట్లు దిగబోయి ఆగింది. దవడ వాచి మాట సరిగా రావడం లేదు.

"తదియా నా బల్ల ముందు కూర్చుని ఏడ్చాడు. నువ్వు వాళ్ళందరి ముందు నిలబడి చూళ్ళేదని ఒప్పుకున్నావ్. తర్వాత మళ్ళీ సంతకం పెట్టావ్. నాకోసమే పెట్టావని నాకు తెలుసు. నిన్నేమని తిట్టాలో నాకు తోచడం లేదు వుకోసావ్."

"తిట్టకపోతే మానెయ్. ఇంటికి పో."

"ఒకటి చెప్పి పోతాను." చుట్టూ చూసి ఒక మెట్టు పైకెక్కింది. "కొండల్లో పోరాడే మనవాళ్ళ దగ్గర, చంపాల్సినవాళ్ళలో నీ పేరుంది. జూన్‌లో గావ్రిలోని తీసుకెళ్ళినప్పుడు జాబితా చదివింది నువ్వే కదా. ఆ వారమే పేరు పంపారు. ఈ శనివారం, అంటే ఇవాళే అని కబురొచ్చింది."

"ఎవరు పంపారు?"

"నేనే."

వుకోసావ్‌కి ఆశ్చర్యం కూడా కలగలేదు. పొద్దున్న కొట్లో ఆమె తన కళ్ళలోకి అంతసేపు ఎందుకు చూసిందో ఇప్పుడు అర్థమైంది.

"ఎక్కడ? మా ఇంటి దారిలో వంతెన దగ్గరా?"

"కాదు. కట్టెలమ్మేవాళ్ళ వేషంలో ఇద్దరు. అయిదింటికే మీ ఇంటికి వెళ్ళి ఉంటారు. నువ్వొచ్చేదాకా లోపలే కూర్చుంటారు. నువ్వు రాకపోతే మీ ఆవిణ్ణి వదలరు." తలగుడ్డ కొసతో దవడ ఒత్తుకుంది. "నన్ను పట్టుకున్నాక, వద్దని వాళ్ళకి కబురు పంపుదామంటే ఎవరితో పంపను? కొట్లో నాతో మాట్లాడింది నువ్వొక్కడివే."

ఇంట్లో భార్య యెలిత్సా ఒక్కతే ఉంటుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు రాకియా సారా పోసి, తర్వాత పేరడిగే మనిషి. ఈపాటికి వాళ్ళకి రెండో గ్లాసు కూడా పోసి ఉంటుంది.

వుకోసావ్ గడియారం తీశాడు. ఆరుకి పది నిమిషాలు. ఎదురుగా పోలీసు కాపలా గదిలో పన్నెండు మంది సిపాయిలున్నారు. ఒక్క కేక వేస్తే తుపాకులతో వస్తారు. యెలిత్సా బతకొచ్చు. కానీ కొండవాళ్ళకి సాయం చేసిందని రేపు తెల్లారేసరికి స్తానియా ఊరు మొత్తం తగలబెడతారు.

చేతి పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగి వంతెన వైపు బయల్దేరాడు. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. అయినా మామూలుగానే నడిచాడు. పరుగెడితే కాపలావాళ్ళు వెంటబడతారు.